మన డాబా మీది కరెంటు, ఊరి లైనుతో దాని పొత్తు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ కానుకగా బడి డాబా మీద సోలార్ పలకలు పెట్టిద్దామని మన సంఘంలో ఆలోచన నడుస్తోంది. ఇంజినీరువి కదా, దాని మంచీచెడ్డా నువ్వే చెప్పమని కార్యవర్గం నా మీద పెట్టింది. చందా రాసేముందు ఏం కొంటున్నామో అందరికీ తెలియడం న్యాయం. అందుకే లెక్కలు తగ్గించి, విషయం తగ్గించకుండా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఇప్పుడు అమలాపురం నుంచి రాజోలు దాకా, ఇటు కొత్తపేట దాకా ఏ ఊరు వెళ్లినా డాబాల మీద నల్లటి పలకలు కనిపిస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇళ్లకి మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000, మొత్తం 78,000 వరకు కేంద్రం రాయితీ ఇస్తోంది. లక్ష్యం కోటి ఇళ్లు. ఇంటికి మూడు కిలోవాట్లు వేసుకున్నా 30,000 మెగావాట్లు. పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అంటే పదిహేను సింహాద్రులంత సామర్థ్యం, బొగ్గూ పొగా లేకుండా, మన ఇళ్ల మీద ఎక్కి కూర్చుంటుందన్నమాట. ఎండ ఉన్నంతసేపే అనుకోండి.

సరే, పలకలు పెట్టించుకున్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఏవండీ, పట్టపగలు ఎండ మాడ్చేస్తోంది. డాబా మీద అయిదు కిలోవాట్ల పలకలున్నాయి. లైన్లో కరెంటు పోతే నా ఇంట్లో కూడా ఎందుకు పోవాలి? మమ్మల్ని మోసం చేశారా ఏంటి?"

మోసం కాదు. ఆ ఆగిపోవడమే ఆ పెట్టె చేసే పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్నకి జవాబే.

పేరు ఒకటే, స్వభావం వేరు

మనకి ఇన్వర్టరు అనగానే మెట్ల కింద బ్యాటరీతో ఉండే పెట్టె గుర్తొస్తుంది. కరెంటు పోయినప్పుడు రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు తిప్పేది అదీ. సోలార్ వాళ్లు గోడకి బిగించే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు దానికి సరిగ్గా తిరకాసు. అది కరెంటు ఉన్నప్పుడే పనిచేస్తుంది. పేరు ఒకటే కావడంతో ఈ గందరగోళమంతా వచ్చింది.

పలక నుంచి వచ్చేది డీసీ, ఒకే వైపు పారే కరెంటు. మన స్తంభాల మీది కరెంటు ఏసీ, సెకనుకి 50 సార్లు ఊగేది. డీసీని ఏసీగా మార్చడం ఇన్వర్టరు పని. ఇంతవరకు తేలికే. కష్టమల్లా ఆ ఊపుని లైన్లో ఉన్న ఊపుతో అక్షరాలా కలపడం.

దీనికి మన కోనసీమ వాళ్లకి వేరే ఉదాహరణ అక్కర్లేదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడనివాడు ఇక్కడ లేడు. అంత ఎత్తు ప్రభని భుజాల మీద పెట్టుకుని పచ్చటి చేలకి అడ్డంపడి, కౌశిక కాలువలో దిగి ఒడ్డెక్కిస్తారు. ఎలా సాధ్యం? అందరి అడుగూ ఒకేసారి పడుతుంది కాబట్టి. మధ్యలో కొత్తవాడు భుజం పెట్టాలంటే ముందు పక్కనే నడుస్తాడు, అడుగు చూసుకుంటాడు, లయ అందాక భుజం ఆనిస్తాడు. తన ఇష్టం వచ్చినప్పుడు తోస్తే సాయం కాదు సరికదా, ప్రభ ఒరుగుతుంది.

ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు చేసేది అదే. పొద్దున్నే ఎండ తగలగానే అది వెంటనే కరెంటు తోయదు. లైన్లో వోల్టేజి ఎంత, ఊపు ఎంత వేగం, ఏ క్షణాన పైకి, ఏ క్షణాన కిందికి అని చూసుకుంటుంది. వోల్టేజీ ఫ్రీక్వెన్సీ హద్దుల్లో ఉండి కనీసం 60 సెకన్లు నిలకడగా కనిపిస్తేనే కలవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చేసిన నిబంధనలు చెబుతున్నాయి. అది లయని అనుసరించే యంత్రం, లయని తయారుచేసేది కాదు. లైను చచ్చిపోతే దానికి అడుగు చూసుకోవడానికి ఎవరూ ఉండరు.

ఈ ప్రభ ఎంత పెద్దదో కూడా చెప్పాలి. మన దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31 దాకా మిగతా దేశంతో లయ కలపలేదు. ఆ రోజు రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను కలిపాక దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ అయింది. ఇవాళ ముమ్మిడివరంలో ఒక డాబా మీది ఇన్వర్టరు, ఎక్కడో హిమాలయాల్లో తిరిగే జలవిద్యుత్ యంత్రంతో కలిసి అడుగు వేస్తోంది. వాడకం ఎక్కువై ఉత్పత్తి చాలకపోతే అడుగు నెమ్మదిస్తుంది, 50 కిందికి వస్తుంది. ఉత్పత్తి ఎక్కువైతే అడుగు వేగం అవుతుంది. ఆ ఒక్క అంకె చూస్తే దేశం నాడి తెలుస్తుంది.

ఎందుకు ఆగాలి?

ఇప్పుడు అసలు ప్రశ్న. లైన్లో కరెంటు పోయింది. ఎందుకు పోయింది? కొబ్బరి మట్ట తీగల మీద పడిందనుకోండి. మన దగ్గర అది రోజూ ఉండేదే. లైన్‌మన్ వస్తాడు. సబ్‌స్టేషనుకి ఫోన్ చేసి లైన్ క్లియరెన్స్, వాళ్ల మాటల్లో ఎల్‌సీ, తీసుకుంటాడు. స్విచ్ తీసి స్తంభం ఎక్కుతాడు. అతని దృష్టిలో ఆ తీగ చచ్చిన తీగ.

ఆ సమయంలో కింద పది ఇళ్ల మీది పలకలు తమంతట తాము కరెంటు తోస్తూనే ఉన్నాయనుకోండి. మన ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టుల్ని దించి మనకిస్తుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్‌కి కింది వైపు నుంచి 230 వోల్టులు ఎక్కిస్తే పై వైపు 11,000 వోల్టులు పుడతాయి. దానికి ఇటూ అటూ తేడా తెలియదు. చచ్చిందనుకున్న తీగ బతికే ఉంటుంది. స్తంభం మీద ఉన్నవాడు మన ఊరివాడు. మన బడిలోనే మనకన్నా రెండు తరగతులు ముందో వెనకో చదివినవాడు.

ఇలా పెద్ద లైను నుంచి తెగిపోయాక కూడా ఒక ముక్క దానంతట అది వెలుగుతూ ఉండిపోవడాన్ని మా భాషలో ఐలాండింగ్ అంటాం. లంకల మధ్య పుట్టిన మనకి లంక అంటే చాలు. అనుకోకుండా అలాంటి లంక ఏర్పడితే రెండు సెకన్లలోగా ఇన్వర్టరు తోయడం మానేయాలన్నది నిబంధన.

దానికెలా తెలుస్తుంది? కోటిపల్లి రేవులో చీకట్లో పడవలో కూర్చున్నవాడికి తాడు గుంజకి కట్టి ఉందో ఊడిపోయిందో తెలియాలంటే ఏం చేస్తాడు? మెల్లిగా లాగి చూస్తాడు. బిగువు తగిలితే కట్టే ఉంది. చేతిలోకి వచ్చేస్తే ఊడినట్టు. చాలా ఇన్వర్టర్లు ఫ్రీక్వెన్సీని అతి కొద్దిగా పక్కకి నెట్టి చూస్తుంటాయి. వెనక దేశం గ్రిడ్ ఉంటే అది చలించదు. ఇన్వర్టరు ఒంటరిదైపోతే ఆ చిన్న తోపుకే ఫ్రీక్వెన్సీ జారిపోయి హద్దు దాటుతుంది, వెంటనే ఆగుతుంది.

లైన్‌మన్ ప్రాణం ఒక కారణం. మన వస్తువులు రెండో కారణం. పగ్గం లేని లంకలో వోల్టేజి ఎంతకైనా పోవచ్చు. టీవీలూ ఫ్రిజ్‌లూ మాడిపోతాయి. మూడోది, లంక ఒక లయలో ఊగుతుండగా సబ్‌స్టేషనులో బ్రేకరు వేస్తే, అడుగు కలవని రెండు ప్రభలు ఒకదాన్నొకటి గుద్దుకున్నట్టే.

ఈ మాట సోలార్‌కే కాదు. మన కల్యాణ మండపాల్లో, రొయ్యల చెరువుల మీద డీజిల్ జనరేటర్లున్నాయి. చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ని ఇంటి వైరింగ్‌కి తగిలించేవాళ్లు ఇంకా ఉన్నారు. సోలార్ ఇన్వర్టరుకి ఆగే తెలివి లోపలే పెట్టారు. జనరేటర్‌కి ఆ తెలివి లేదు. దాన్ని మనమే స్విచ్ రూపంలో పెట్టాలి. చెరువులున్న మిత్రులకి ఇంకో మాట. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా పడిపోయేది తెల్లవారుజామున. సోలార్ ఆ వేళకి పనికిరాదు. పగటి బిల్లు తగ్గుతుంది గానీ జనరేటర్ అమ్మేయకండి.

కాలువ శివారు కష్టం

రెండో ఫిర్యాదు ఇంకోటుంది. "కరెంటు ఉంది, ఎండ ఉంది, అయినా మధ్యాహ్నం పన్నెండింటికి ఇన్వర్టరు ఆగుతూ వెలుగుతూ ఉంటోంది." ఇది ఊరి చివరి ఇళ్ల నుంచే ఎక్కువ వస్తుంది. కారణం మన రైతులకి నేను చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి నీరు వదిలితే తలకాలువ వాళ్లకి నిండుగా, శివారు వాళ్లకి పల్చగా అందుతుంది. కరెంటు లైను కూడా అలాంటిదే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజి నిండుగా, చివరి స్తంభం దగ్గర పల్చగా ఉంటుంది. అందుకని శివారు ఇళ్లలో రాత్రి ట్యూబులైటు వెలగాలని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజి కాస్త ఎత్తి ఉంచుతారు.

ఇప్పుడు శివారు రైతే కాలువలోకి నీళ్లు తోడి పోయడం మొదలెట్టాడనుకోండి. మట్టం ఎక్కడ పెరుగుతుంది? శివారులోనే. చిన్న లెక్క చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ ఇంటిదాకా పోను రాను తీగ నిరోధం అర ఓమ్ అనుకుందాం. అయిదు కిలోవాట్లంటే సుమారు 22 ఆంపియర్లు. 22ని అరతో గుణిస్తే 11 వోల్టులు. ఇంట్లో వాడకం ఏమీ లేకపోతే మీ ఇంటి దగ్గర వోల్టేజి అంత పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే 244 ఉంటే మీ దగ్గర 255. హద్దు 110 శాతం. 230 ప్రమాణంగా చూస్తే 253. హద్దు దాటింది, ఆగింది. ఆగగానే వోల్టేజి తగ్గింది, నిమిషం చూసుకుని మళ్లీ కలిసింది, మళ్లీ దాటింది. రోజంతా ఇదే తంతు. అదే వీధిలో అదే ఫేజు మీద నాలుగిళ్లకి పలకలుంటే తిప్పలు నాలుగింతలు.

దీనికి కొందరు బిగింపువాళ్లు చేసే చిట్కా ఒకటుంది. ఇన్వర్టరు సెట్టింగుల్లోకి వెళ్లి పై హద్దు పెంచేస్తారు. ఫిర్యాదు ఆగుతుంది. కానీ ఆ ఎక్కువ వోల్టేజి మీ ఇంట్లోకీ పక్కింట్లోకీ కూడా వెళుతుంది. జ్వరం వస్తే థర్మామీటరు పగలగొట్టినట్టు. సరైన మందులు వేరే ఉన్నాయి. లావు తీగ వేయడం, ఇళ్లని మూడు ఫేజుల మీదా సమంగా పంచడం, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపు సరిచూడడం, వోల్టేజి పెరిగినప్పుడు రియాక్టివ్ పవర్‌ని కొంత సర్దుకుని, ఉత్పత్తిని మెల్లగా తగ్గించుకోగల ఇన్వర్టరు కొనడం. మొదటి మూడూ డిస్కం చేయాలి. మనకది ఈపీడీసీఎల్. ఫోన్లో తిట్టడం కన్నా, పన్నెండింటి వేళ వోల్టేజి అంకెలు వారం రోజులు రాసి కాగితం మీద ఏఈ గారికిస్తే పని త్వరగా అవుతుంది. అంకెలకి ఆఫీసులో ఉండే గౌరవం కోపానికి లేదు.

ఒక్కొక్కటీ మంచిదే, అన్నీ కలిస్తే?

మన అనుభవం కొత్తది. ముందు నడిచినవాళ్ల నుంచి నేర్చుకోవచ్చు. జర్మనీలో ఒకప్పుడు ఫ్రీక్వెన్సీ 50.2 దాటగానే ఇన్వర్టర్లన్నీ వెంటనే ఆగాలని నియమం పెట్టారు. పలకలు కొన్ని వేలున్నప్పుడు అది జాగ్రత్తే. కానీ అవి లక్షల్లోకి వచ్చాక అదే నియమం ప్రమాదమైంది. ఫ్రీక్వెన్సీ ఆ గీత తాకిన క్షణంలో వేల మెగావాట్లు ఒక్కసారి మాయమైతే మొత్తం గ్రిడ్ కూలవచ్చు. ప్రభ మోసేవాళ్లందరూ ఒకే కేకకి భుజాలు తీసేసినట్టు. 2012 నుంచి అక్కడ లక్షల ఇన్వర్టర్ల సెట్టింగులు మార్చుకుంటూ వచ్చారు, ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా తగ్గేలా.

2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ దేశాలు రెండూ చీకటైపోయాయి. వోల్టేజి అదుపు తప్పి పెరగడం, అలా పెరగడంతో ఒకదాని వెంట ఒకటిగా విద్యుత్ కేంద్రాలు ఊడిపోవడం అక్కడ జరిగింది. దీన్ని చూపి సోలారే చెడ్డదన్నవాళ్లున్నారు, సోలార్‌కి ఏ సంబంధమూ లేదన్నవాళ్లూ ఉన్నారు. ఇంజినీరుగా నాకు కనిపించే పాఠం మూడోది. కరెంటు పుట్టించడం ఒక్కటే చాలదు, వోల్టేజిని నిలబెట్టే బాధ్యత కూడా పంచుకోవాలి. పెద్ద కేంద్రానికి ఆ బాధ్యత ఎంతుందో, మన డాబా మీది చిన్న పెట్టెకీ దాని వంతు అంతుంది.

మన బడి సంగతి

ఇక చందాల విషయానికొస్తాను. నా సలహా ఇది.

బడికి పది కిలోవాట్లు సరిపోతాయి. దానికి సుమారు వెయ్యి చదరపు అడుగుల నీడలేని డాబా కావాలి. కిలోవాటుకి రోజుకి సగటున నాలుగు యూనిట్ల లెక్కన రోజుకి నలభై యూనిట్లు వస్తాయి. బడి నడిచేది పగలే, ఎండ కాసేదీ పగలే. ఇంత చక్కగా జతకుదిరే భవనం ఊళ్లో ఇంకోటి లేదు. వేసవి సెలవుల్లో బడి మూసి ఉంటుంది, ఎండ మాత్రం మండిపోతుంది. అప్పటి కరెంటు నెట్ మీటరు ద్వారా ఊరికి వెళుతుంది. ఆ యూనిట్లకి లెక్క ఎలా కడతారో దరఖాస్తుకి ముందే డిస్కం ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఇందాక చెప్పిన కేంద్ర రాయితీ ఇళ్లకే గానీ బళ్లకి రాదు. కాబట్టి ఇది పూర్తిగా మన చేతి డబ్బే.

రెండోది నీడ. మన దగ్గర కొబ్బరి చెట్టు లేని దిక్కు లేదు. పలకల్ని దండలా వరసగా కలుపుతారు. ఒక పలక మీద మట్ట నీడ పడితే ఆ వరస మొత్తం కుంటుపడుతుంది. చెట్టు కొట్టేయమని నేను చెప్పను, చెప్పినా మీరు ఒప్పుకోరు. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడుకి డాబా మీద నీడలు ఎక్కడున్నాయో డిసెంబరులో ఒకసారి, జూన్‌లో ఒకసారి సుద్దతో గీయండి. ఆ గీతలు తప్పించి పలకలు పెడితే చాలు. కాయ రాలే దూరంలో కూడా పెట్టకండి.

మూడోది గాలి, ఉప్పు. 1996 నవంబరు 6 రాత్రి గుర్తున్నవాళ్లకి నేను వేరే చెప్పనక్కర్లేదు. మొన్న 2025 అక్టోబరులో మొంథా కూడా మన తీరం దగ్గరే దాటింది. చట్రాలకి మందంగా జింకు పూత ఉండాలి, బోల్టులు తుప్పు పట్టని ఉక్కువి కావాలి, స్లాబు బలం ముందు సివిల్ ఇంజినీరు చూడాలి. ఎర్తింగు గుంటలు విడిగా, పిడుగు నుంచి కాపాడే ఏర్పాటు తప్పకుండా. ఖర్చు తగ్గించాలంటే పలక ఒకటి తగ్గించండి గానీ ఇవి తగ్గించకండి.

నాలుగోది నా మనసుకి దగ్గరది. తుపాను వస్తే లోతట్టు జనాన్ని తీసుకొచ్చి పెట్టేది బడిలోనే. ఆ రాత్రి లైన్లో కరెంటు ఉండదు. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు పెడితే, మర్నాడు ఎండ కాసినా డాబా మీది పది కిలోవాట్లు నిద్రపోతుంటాయి. కింద జనం సెల్‌ఫోన్లు పట్టుకుని చీకట్లో కూర్చుంటారు. అందుకే హైబ్రిడ్ ఇన్వర్టరు పెడదాం అంటున్నాను. లైను పోగానే అది ముందు బడిని లైను నుంచి పూర్తిగా విడదీస్తుంది. ఆ తరవాతే బ్యాటరీతో లోపల తనదైన లయ పుట్టిస్తుంది. పలకలు ఆ లయకి అడుగు కలుపుతాయి. బయటి తీగ మీదికి ఒక్క వోల్టు పోదు. లైన్‌మన్‌కి ప్రమాదం లేదు, లోపల దీపం ఉంటుంది. అన్ని గదులకీ అక్కర్లేదు. రెండు పెద్ద గదుల్లో లైట్లు, ఫ్యాన్లు, తాగునీటి మోటారు, ఫోన్ల ఛార్జింగు, ఇంతవరకే ఒక విడి బోర్డు. దానికి చిన్న లిథియం బ్యాటరీ చాలు. మొదట్లో అడిగిన ప్రశ్నకి రెండో సగం జవాబు ఇదే. ఎండ ఉండగా కరెంటు ఉంచుకోవచ్చు, కానీ ముందు తలుపు వేసుకున్నాకే.

చివరిది పోషణ. పలకలు పాతికేళ్లు నిలుస్తాయి. ఇన్వర్టరు పది పన్నెండేళ్లు దాటితే అదృష్టం. ప్రారంభోత్సవం రోజు ఫొటోలో అందరం ఉంటాం. పదకొండో ఏట ఇన్వర్టరు కాలిపోయిన రోజు ఎవరుంటాం? అందుకని వసూలైన దానిలో అయిదో వంతు ఇప్పుడే బ్యాంకులో విడిగా వేసి, హెడ్‌మాస్టారు, సంఘం కార్యదర్శి ఇద్దరి సంతకాలతోనే తీసేలా పెట్టాలి. ఇది లేకపోతే నా ఓటు ఈ ప్రాజెక్టుకి లేదు. ఇదే డబ్బుతో మరుగుదొడ్లు బాగుచేయించండి, ఎక్కువ పుణ్యం.

మాస్టార్లకి ఒక మనవి. ఇన్వర్టరుని తాళం వేసిన గదిలో దాచకండి. పిల్లలకి కనిపించే వరండాలో, ముట్టుకోలేని ఎత్తులో పెట్టించండి. తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ మూడుసార్లు వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, యూనిట్లు నల్లబల్ల మీద రాయాలి. ఫ్రీక్వెన్సీ 49.9 అని పడితే దేశంలో ఎక్కడో వాడకం ఎక్కువైందని వాళ్లకి తెలుస్తుంది. మబ్బు పట్టగానే యూనిట్లు ఎందుకు పడ్డాయో వాళ్లే చెబుతారు. పలకల మీద పిట్టల రెట్టలు కడిగిన మర్నాడు ఎంత పెరిగిందో లెక్క కడతారు. పుస్తకంలో సైన్ వేవ్ బొమ్మ గీసి చదివిన తరం మనది. దాన్ని కళ్లెదుట చూస్తూ చదివే అవకాశం వీళ్లకిద్దాం.

తీర్మానం పెట్టేముందు మీ అందరి అనుమానాలూ వినాలి. కింద కూర్చున్నవాళ్లలో ఈపీడీసీఎల్‌లో పనిచేసినవాళ్లున్నారు, లైన్ల మీద ముప్పై ఏళ్లు గడిపినవాళ్లున్నారు. నేను చెప్పినదానిలో సర్దాల్సింది ఉంటే వాళ్లు సర్దాలి. చందా పుస్తకం ఇవాళ తెరవొద్దు. ముందు డాబా మీదికెక్కి సుద్దగీతలు గీద్దాం. అవి చూసి మనసు ఒప్పితే అప్పుడు తెరుద్దాం.